వేసవి పఠనమునకొక జంట: 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్', 'రాజశేఖర చరిత్రము'

ఉన్నతపాఠశాల చదువు ముగించి, సాహిత్యమునందు తోడివారికంటె నెక్కువ శ్రద్ధ గల విద్యార్థికి వేసవి సెలవులలో ఏ గ్రంథము లీయవలెనను ప్రశ్న విశ్వవిద్యాలయ శాఖలకు సంబంధింపనిదని పెక్కురు తలంతురు. మాకట్లు తోపదు. ఎం.ఏ. తరగతిలో అడుగుపెట్టు విద్యార్థి వెంట తెచ్చుకొను పఠనాభ్యాసము పదునాఱేండ్ల ప్రాయముననే యేర్పడుచున్నది. 'రాజశేఖర చరిత్రము' తెలుగున తొలినాటి నవల యనియు, దానికి గోల్డ్‌స్మిత్ వ్రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఒరవడి యనియు చెప్పలేని విద్యార్థి అరుదు. ఆ రెంటిలో నొక్కదానినైనను తుదిదాక చదివినవాడు అంతకంటె నరుదు. గ్రంథమునుగూర్చి తెలియుట వేఱు, గ్రంథము తెలియుట వేఱు. ఈ భేదము తెలియకుండుటకు మన పాఠ్యప్రణాళికలు కొంతవఱకు కారణములు. పరిశోధకులమని చెప్పుకొను మనమును కొంతవఱకు కారణమే.

అమెరికాలో ఈ విషయమై ఒక స్థిరమైన యాచార మేర్పడియున్నది. అచ్చటి కాలేజి బోర్డు 1955లో చేపట్టిన 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' పద్ధతినిబట్టి ఉన్నతపాఠశాలలోనే కళాశాలస్థాయి సాహిత్యమును చదువవచ్చును. మే నెలలో జరుగు పరీక్షయందు విద్యార్థి మూడు వ్యాసములు వ్రాయవలెను. మొదటి రెంటికి ఒక పద్యమును, ఒక గద్యభాగమును ప్రశ్నతోపాటే యిత్తురు. మూడవదానికి ఏ భాగమును ఈయరు. తాను చదివిన నవలనో నాటకమునో మనసున నిలుపుకొని వ్రాయవలసినదే. అందుచే తరగతులు తెఱచునప్పటికే ఒకటి రెండు పూర్తి గ్రంథములు చదివి రమ్మని పెక్కుచోట్ల ఉపాధ్యాయులు వేసవికి ముందే విద్యార్థుల కాజ్ఞాపింతురు. ఆచారము మంచిదే. కాని సెలవులు ముగియగనే 'చదివితివా?' యని తెలిసికొనుటకై చిన్న పరీక్ష పెట్టుటయు ఈ యాచారమున నొక భాగమై పోయినది. కథాసారములు చేతిఫోనులలో క్షణమున దొరకు ఈ కాలములో అట్టి పరీక్షలో నెగ్గుటకు గ్రంథము నంటవలసిన పని లేదు.

మన యుభయరాష్ట్రములలో పరిస్థితి మఱియొక తీరుగ నున్నది. పదవతరగతి పరీక్షలు ముగిసిన పిదప వచ్చు వేసవిలో విద్యార్థి యెవరివాడును గాడు. ఉన్నతపాఠశాల వానిని విడిచినది. జూనియరు కళాశాల ఇంకను చేర్చుకొనలేదు. వాచకముతోపాటు 'ఉపవాచకము'ను ఏర్పఱచిన పూర్వుల యుద్దేశము గొప్పది: ఒక గ్రంథమును పదచ్ఛేదము చేసి చదువవలెను, మఱియొకదానిని ఊరక చదువుకొని పోవలెను. ఆ 'ఊరక'ను పరీక్షలు మ్రింగివేసినవి. ఉపవాచకమునకును ప్రశ్నలు, జవాబులు, మార్కులు వచ్చి చేరినవి. ఇక మిగిలినది ఆ వేసవియొక్కటే. ఆ నెలన్నర దినములను గణిత భౌతికశాస్త్రముల శిక్షణాలయములు ఆక్రమింపక విడిచినచో, అప్పుడు విద్యార్థికి ఏమి యీయవలెనని మనము ఆలోచింపవచ్చును.

గొప్ప గ్రంథముల పట్టిక నీయుట సులభము. ఆ పట్టిక ఎవ్వరు వ్రాసినను ఇంచుమించుగా ఒక్కటియే యగును. కాని వేసవి పాఠకునికి ప్రక్కన గురువు లేడు. ఇచ్చట ఆగుము, దీనిని మఱల చూడుము, ఇది నిజమేనా యని ప్రశ్నింపుము అని చెప్పువారు లేరు. ఒక్క గ్రంథమును ఒంటరిగ చదువు బాలుడు కథవెంట కొట్టుకొనిపోవును. అందు తప్పు లేదు గాని, అంతమాత్రమున వాడు విమర్శకుడు గాడు. ఒక గ్రంథమునకు దగ్గరి చుట్టమైన మఱియొక గ్రంథమును జతచేసి ఇచ్చినచో, రెండవది మొదటిదానికి గురువగును. 'అచ్చట అట్లున్నదే, ఇచ్చట ఇట్లేల?' అను ప్రశ్న పుట్టించుటకు అధ్యాపకుడు అక్కఱలేదు. ఆ ప్రశ్నయే విమర్శకు బీజము. కావున వేసవికి ఈయవలసినది పట్టిక కాదు, ఒక జంట యని మా యభిప్రాయము. తెలుగు విద్యార్థికి అంతకంటె తగిన జంట లేదని తోచి ఈ రెండు నవలలను గ్రహించితిమి.

గోల్డ్‌స్మిత్ నవల 1766లో అచ్చయినది. వీరేశలింగము పంతులుగారి నవల 1878లో పత్రికాముఖమున వెలువడ నారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చినది. ఆంగ్ల నవలకు తమ నవల కొంత ఋణపడియున్నదన్న సంగతిని పంతులుగారు దాచలేదు. తరువాతివారు ఆ ఋణమును రెండు విధముల వాదమునకు వాడుకొనిరి. అనుసరణమా, స్వతంత్రమా యని ఒక వాదము. 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టి వ్రాసిన 'శ్రీరంగరాజ చరిత్రము' ఉండగా దీనిని తొలి నవల యనవచ్చునా యని మఱియొకటి. రెండును అనవసరములని మేమనము. కాని ఈ రెండు ప్రశ్నలకును గ్రంథమును చదువకయే సమాధానము చెప్పవచ్చును, చెప్పుచునే యున్నారు. రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టుకొన్న పదునాఱేండ్ల పాఠకుడు వీనికంటె మేలైన ప్రశ్నలను వేయగలడు.

వానికి మొదట కనుపించునది కథ చెప్పు గొంతుక. గోల్డ్‌స్మిత్ నవలలో కథకుడు ప్రిమ్‌రోజు అను మతగురువే. తన కుటుంబమున జరిగినదంతయు 'నేను' అని చెప్పుచుండును. మంచివాడు, దయాళువు, భార్యాపుత్రులయెడ మిక్కిలి ప్రేమ కలవాడు. అంతతో నాగక, తనను గూర్చి తనకు మంచి యభిప్రాయము కలవాడు. భార్య మరణించిన మతగురువు మఱల వివాహమాడరాదను సిద్ధాంత మొకటి వాని కున్నది. ఆ విషయమై గ్రంథములు వ్రాసి, అవి యమ్ముడుపోకపోయినను వానిని చూచుకొని మురియుచుండును. పెద్దకుమారుని వివాహము కుదిరిన తరుణమున, పలుమాఱు వివాహమాడిన కాబోవు వియ్యంకునితోనే ఆ సిద్ధాంతమును పట్టుకొని వాదమునకు దిగును. అంతలో తన సొమ్మును దాచుకొన్న వర్తకుడు పరారియయ్యెనని వార్త వచ్చును. పదునాలుగువేల పౌనుల ఆస్తిలో నాలుగువందలు మాత్రము మిగులును. ఇదంతయు అతడే చెప్పును. తన మొండిపట్టును ధర్మనిష్ఠగా చెప్పుకొనును. అది నవ్వుపుట్టించునదని మాత్రము ఎచ్చటను చెప్పడు, ఏలయన అతనికి తెలియదు. ఆ మాట పాఠకుడు తానే తెలిసికొనవలెను.

సంతకు పంపిన గుఱ్ఱము కథ ఇందుకు మఱియొక తార్కాణ. కుమారుడు మోజెస్ నేర్పరియని ఇంటిల్లిపాదియు పొగడి, గుఱ్ఱపుపిల్లను అమ్ముకొని రమ్మని పంపుదురు. అతడు వచ్చిన సొమ్ముతో నూటనలువదినాలుగు ఆకుపచ్చని కంటియద్దముల జతలు కొనుక్కొని వచ్చును. వాని చట్రములు వెండివి కావు, మెఱుగు పెట్టిన రాగివి. తల్లికి కోపము వచ్చును. కొన్నాళ్లకు రెండవ గుఱ్ఱమును అమ్ముటకు తండ్రి తానే సంతకు పోవును. అచ్చట ఒక వృద్ధుడు ప్రిమ్‌రోజును పొగడి, తరువాత ప్రపంచసృష్టినిగూర్చి ప్రాచీనుల పేళ్లు నాలుగు వల్లించును. పొగడ్తకు లొంగి గుఱ్ఱమును వాని కప్పగించి, చెల్లని హుండీ కాగితమును తెచ్చుకొనును. కుమారుడు వెండికి మోసపోయెను, తండ్రి ప్రశంసకు మోసపోయెను. మోసగాడు ఇరువురకు నొక్కడే. మూర్ఖత ఎవరిది పెద్దదో పాఠకుడు తూచుకొనవలెను. గోల్డ్‌స్మిత్ త్రాసు చేతికిచ్చి తప్పుకొనును.

ఈ పట్టున 'రాజశేఖర చరిత్రము'ను తెఱచి చూడవలెను. రాజశేఖరుడును ధనవంతుడు, మంచివాడు, పొగడ్తకు లొంగువాడు. అతనిచుట్టును చేరినవారు అతని మాట కెల్ల తాళము వేయుచు ధనమును హరింతురు. తుదకు బంగారము చేసెదనన్న బైరాగి యొకడు ఉన్న బంగారమును మూటగట్టుకొని పోవును. దోషము రెంటను నొకటియే. కాని ఇచ్చట కథ చెప్పువాడు రాజశేఖరుడు గాడు. వెలుపల నిలిచి, ఇది మోసము, ఇది మూఢత, ఇది పొగడ్తకు ఫలము అని మనకు తెలియునట్లు చెప్పు కథకు డొకడున్నాడు. గోల్డ్‌స్మిత్‌ను మొదట చదివి పంతులుగారి యొద్దకు వచ్చిన విద్యార్థి ఇది కొఱతయని తలచును. పలువురు విమర్శకులును ఇచ్చటనే ఆగిపోయి, పంతులుగారిది ప్రబోధము, గోల్డ్‌స్మిత్‌ది కళ అని తీర్పు చెప్పిరి.

ఈ తీర్పును మేము పూర్తిగ నంగీకరింపము. ప్రిమ్‌రోజు వివాహసిద్ధాంతము నవ్వదగినదని లండను పాఠకునికి ఒకరు చెప్పనక్కఱలేదు. 1878 నాటి గోదావరి మండల పాఠకుడు బైరాగిని చూచి నవ్వునని నమ్మకమేమి? రసవాదమును, జోస్యమును, మంత్రతంత్రములను నమ్మువారే ఆ నవలకు పాఠకులు. కథకుడు మౌనము వహించినచో, మంచి బైరాగి దొరకకపోవుటయే రాజశేఖరుని దురదృష్టమని వారనుకొందురు! రచయితయు పాఠకుడును దేనిని చూచి నవ్వవలెనో ముందుగనే యేకీభవించియున్నగాని వ్యంగ్యము పొసగదు. పంతులుగారు ఆ యేకీభావమును వ్రాయుచునే కల్పించుకొనవలసి వచ్చినది. వారి కథకుని గొంతు బిగ్గరగ నుండుటకు కారణ మిదియే. అయినను ఆ గొంతు ఎల్లచోట్ల నట్లు లేదు. ధవళేశ్వరమున గోదావరివర్ణనము ముగించి, ఊరిపెద్దలను, వారి వెంట తిరుగువారిని మాటలాడ నిచ్చినప్పుడు పంతులుగారును తప్పుకొందురు. ఆ ముఖస్తుతులకు వ్యాఖ్యానము లేదు, వినువాడే తెలిసికొనును. ఇట్టి సంభాషణములను, కథకుడు కల్పించుకొని చెప్పు భాగములను వేఱువేఱుగ గుఱుతు పెట్టుకొనుట విద్యార్థికి ఒక దినపు పని. ఆ పని చేసినవాడు 'కథకుడు' అను పారిభాషికపదమును ఎవరును నేర్పకయే నేర్చుకొనును.

ఇక మాఱువేషముల మాట. గోల్డ్‌స్మిత్ నవలలో బర్చెల్ అను బీదవాడు కుటుంబమునకు దారిలో తోడగును. మూడవ ప్రకరణముననే అతడు సర్ విలియం థార్న్‌హిల్ అను ధనికుని పూర్వకథను చెప్పుచు, 'అతడు, అతడు' అనుచు వచ్చి, ఒక్కచోట నోరు జాఱి 'నేను' అనును. వెంటనే మాట మార్చును. ప్రిమ్‌రోజు విన్నను గమనింపడు. సావధానుడైన పాఠకునికి మాత్రము నవల తుద దాక దాగవలసిన రహస్యము అచ్చటనే చిక్కును. తెలుగు నవలలో రాజశేఖరుని కుటుంబమునకు పరిచయమగు రామరాజు పెద్దాపురపు ప్రభువగు కృష్ణజగపతి మహారాజని తరువాత తెలియును. ఉపాయ మొక్కటే, అర్థము వేఱు. ఆంగ్లేయ పాఠకునికి ఇది నవలాకారుని చమత్కారము. తెలుగు పాఠకునికో, ప్రజల మంచిచెడ్డలు తెలిసికొనుటకు రాజు మాఱువేషమున తిరుగుట బాల్యమునుండి విన్న కథ. అరువు తెచ్చుకొన్న సన్నివేశము మన కథాసంప్రదాయమున కుదురుకొని, ఒక ధనికుని విలాసమునకు బదులు ఒక ప్రభువు ధర్మమయినది. అనుసరణ మనగా నేమో ఈ యొక్క యుదాహరణము చాలును.

మా దృష్టిలో ఈ జంటపఠనమునకు ప్రధానప్రయోజనము కుమార్తెల కథలో నున్నది. ప్రిమ్‌రోజు కూతురు ఒలీవియా. భూస్వామియగు థార్న్‌హిల్ ఆమెను తీసికొనిపోయి, దొంగపెండ్లి చేసికొని విడిచివేయును. ఆనాటి సమాజమున ఆమెకు గౌరవముతో బ్రతుకు మార్గము లేదు. నవల ముగియవచ్చునప్పుడు జెన్‌కిన్‌సన్ అను మోసగాడే (గుఱ్ఱములను కాజేసినవాడును వీడే) లేచి, పెండ్లి జరిపించిన పురోహితుడు నిజమైనవాడే, పత్రమును నిజమైనదే యని చెప్పును. అబద్ధమనుకొన్నది నిజమాయెను. రాజశేఖరుని కూతురు రుక్మిణి. ఆమె మగడు నృసింహస్వామి మరణించెనని వార్త వచ్చును. వైధవ్యమునకు సంబంధించిన బాధ యంతయు ఆ యింట ప్రవేశించును. తుదకు అతడు బ్రతికియున్నట్లు తేలును. నిజమనుకొన్నది అబద్ధమాయెను. రెండు నవలలును సమాజము క్షమింపని స్థితిలోనికి ఒక స్త్రీని నెట్టి, ఒక వార్తను తలక్రిందులు చేసి ఆమెను రక్షించినవి.

రెంటినొకటిగ చదువనిచో ఈ పోలిక కనుపడదు. మా కిందు ఆశ్చర్యము కలిగించునది మఱియొకటి. ఈ నవల వ్రాసిన పంతులుగారే 1879లో వితంతువివాహమును సమర్థించుచు ఉపన్యసించిరి; 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. బ్రతుకున అంత సాహసము చేసిన వ్యక్తి నవలలో మగని నేల బ్రతికించవలెను? వితంతువుగనే యుంచి పునర్వివాహ మేల చేయరాదు? నవల ముందు వ్రాసినది, సంస్కారము తరువాతిది యని చెప్పి తప్పించుకొనుట సులభము. రెండేండ్లలో మనుష్యుని హృదయ మంతగా మాఱదు. మా యూహ యిది: కష్టములపాలైన కుటుంబము తుదకు పోయినదంతయు పొందవలెనను గోల్డ్‌స్మిత్ నవలానిర్మాణమును గ్రహించుటతో, ఆ నిర్మాణము కోరు ముగింపును గూడ గ్రహింపవలసి వచ్చినది. పోయిన ధనము వచ్చినట్లు పోయిన మగడును రావలెను. పునర్వివాహము పోయినదానిని తిరిగి తెచ్చునది గాదు, క్రొత్తదానిని తెచ్చునది. ఆ క్రొత్తదానికి ఆ మూసలో చోటు లేదు. సంస్కర్తకు చాలిన ధైర్యము నవలాకారునికి లేదనుట అన్యాయము. ఆ ధైర్యమును భరింపగల కథారూపము అప్పటికి మన భాషలో లేదనుట న్యాయము. దీనికి విద్యార్థి మఱియొక సమాధానము చెప్పవచ్చును. చెప్పినచో మాకు సంతోషమే. మన పరిశోధనవ్యాసములలో ఈ ప్రశ్నకు దొరకవలసినంత చోటు దొరకలేదు.

ఇన్ని చెప్పినను, బాలురకు ఈ గ్రంథములు కఠినములను నాక్షేపణము మిగిలియున్నది. పంతులుగారి గ్రాంథికవచనము నేటి విద్యార్థికి అలవాటు లేనిది. మొదటి ప్రకరణములోని గోదావరివర్ణన దీర్ఘవాక్యములను చూచి పుస్తకము మూయువారు పెక్కురు. ఆ వర్ణనను మొదట విడిచి, సంభాషణములు మొదలగు చోటునుండి ఆరంభింపుమని చెప్పుటకు మేము వెనుదీయము. పుస్తకము ముగించిన పిదప ఆ పుటలను మఱల చదువుకొనవచ్చును. అప్పు డవి యంత కఠినములుగ నుండవు. గోల్డ్‌స్మిత్ ఆంగ్లము పాతదైనను తేటయైనది, ముప్పదిరెండు ప్రకరణములును చిన్నవి. ముందు తెలుగు నవల, పిమ్మట ఆంగ్లనవల, ఆ పిమ్మట తెలుగు నవలలో ఇష్టమైన ఒకటిరెండు ప్రకరణములు మఱియొకసారి: ఇది మేము సూచించు క్రమము. ఆంగ్లమును ముందిచ్చినచో తెలుగు నవలను నకలుగా చూచు దృష్టి యేర్పడును, అది పోగొట్టుట కష్టము. సంక్షిప్తప్రతులను మాత్రము ఈయరాదు. సంక్షేపకర్త మొదట తీసివేయునది కథకు 'అక్కఱలేని' భాగమును. బర్చెల్ నోరు జాఱిన మాట, ముఖస్తుతిపరుల ప్రసంగములు అట్టివే. రెండు గ్రంథములకును ప్రచురణహక్కులు గడచి చాలకాలమైనది. తెలుగు మూలము వికీసోర్సులోను, ఆంగ్లనవల గుటెన్‌బర్గ్ భాండాగారములోను ఉచితముగ లభించుచున్నవి గాన వెల యొక యడ్డంకి గాదు.

సెలవులు ముగిసిన పిదప ప్రశ్నపత్రము వలదు. రెండు నవలలలో నించుమించుగ నొక్కటిగ నున్న సన్నివేశము నొకదానిని విద్యార్థియే యెన్నుకొని, భేద మెచ్చటనో ఒక పుటలో వ్రాసి తెచ్చినచో చాలును. కథాసారము చదివినవాడు ఈ పుట వ్రాయలేడు. అది పరీక్షింపవలసిన పనియు నుండదు.

అమెరికాలో పెరుగుచున్న తెలుగువారి పిల్లలలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ తరగతులు చదువువారు పెక్కురు. గ్రాంథికము మాట యటుండగా, వారిలో కొందఱికి తెలుగులిపియే రాదు. వారికిని ఈ జంట దూరము గాదు. 'రాజశేఖర చరిత్రము'ను జె. రాబర్ట్ హచిన్‌సన్ ఆంగ్లీకరించి 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేర 1887లో లండనులో ప్రకటించెను. ఆంగ్లమునుండి ప్రేరణ పొందిన తెలుగు నవల పదేండ్లైనను గడువకమునుపే ఆంగ్లమునకు తిరిగి పోయినది. తెలుగు చదువగల మన విద్యార్థికిని ఈ యనువాదమును మూడవ గ్రంథముగ ఈయవచ్చును. పంతులుగారి కథకుని గొంతు హచిన్‌సన్ ఆంగ్లములో గోల్డ్‌స్మిత్‌కు దగ్గరగ జరిగినదా, దూరముగ జరిగినదా యనునది పరిశోధకులమైన మనమును ఇంకను పరిశీలింపవలసిన విషయమే.